ముందే చెప్పిన సాక్ష్యం

కోతల పండుగ నాడు మా అత్త రాహేలమ్మ చర్చిలో లేచి నిలబడి, ప్రభువు తన కంటి పొర తీసేశాడనీ, ఇప్పుడు తనకు అన్నీ తేటగా కనబడుతున్నాయనీ సాక్ష్యం చెప్పింది. చెప్పి కూర్చోబోయి, చాప మీద తన చోటు అనుకుని సంఘపెద్ద భార్య ఒళ్లో కూర్చుంది.

ఎవరూ నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది అందుకే. ఒక్కరు నవ్వి ఉంటే ఆ సాక్ష్యం అక్కడికక్కడే తేలిపోయేది. అందరూ "స్తోత్రం" అన్నారు. సంఘపెద్ద భార్య కూడా, ఒళ్లో మా అత్తను పెట్టుకునే, "స్తోత్రం" అంది. నేను మా అత్త రెక్క పట్టి లాగి నా పక్కన కూలేశాను.

ఆంధ్రప్రదేశ్ అయ్యాక వచ్చిన రెండో కోతల కాలం అది. మేము ప్రొద్దుటూరులో ఉండేవాళ్లం. నేను మిషన్ బడిలో టీచరును. జొన్నకోతలు అయ్యాక మా చర్చిలో పండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. ఆ ఏడాది మేలు పొందినవాళ్లు లేచి, ఏం జరిగిందో నలుగురిలో చెప్పి కానుక పెడతారు. ముందు మేలు జరగాలి, తర్వాత సాక్ష్యం చెప్పాలి. అది పద్ధతి. మా అత్త దాన్ని తిరగేసింది.

పైగా ఆమె పెట్టిన కానుక నా చుక్కలపెట్ట. రోజు మార్చి రోజు గుడ్డు పెట్టే పెట్ట. పొద్దున్నే చంకన పెట్టుకుని కొంగు కప్పుకుని పోతుంటే, ఎవరిదో తప్పిపోయి వచ్చిన కోడిని తిరిగి ఇవ్వడానికి పోతోందేమో అనుకున్నాను. వేలంలో దాన్ని ఆ సంఘపెద్ద భార్యే పాడుకుంది. ఒళ్లో కూర్చోబెట్టుకున్నందుకు ఆమెకు అదైనా దక్కింది.

పండుగకు ముందు వారమే మేము ఆమెను జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయాం. మా అత్తకు ఎడమ కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. ఉన్నది కుడి కన్ను ఒక్కటే. దానికి పొర కమ్మింది. డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, పొర బాగా ముదిరిందనీ, ఇంకా ఊరకే ఉంటే లోపల పగిలి కన్ను పూర్తిగా పోతుందనీ చెప్పింది. ఎండలు ముదిరితే తాను చల్లదనానికి కొండల మీదికి పోతుంది, తిరిగి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది, కాబట్టి కోతల పండుగ కాగానే వచ్చి చేరమంది. మా అత్త ఎంతో భక్తిగా తల ఊపింది. ఆ తల ఊపుడు చూసి నేను మోసపోయాను.

పండుగ నుంచి ఇంటికి రాగానే అడిగాను.

"ఏందత్తా నువ్వు చేసిన పని?"

"ఏం సేసినా? కృతజ్ఞత సెప్పినా."

"దేనికి?"

"కన్నుకు."

"ఏ కన్నుకు? నా చేతిలో ఏముందో చెప్పు సూద్దాం." నేను గంటె ఎత్తి పట్టుకున్నాను.

ఆమె గంటె వైపు కాకుండా నా గొంతు వైపు తిరిగింది. "నన్ను పరీక్ష సేస్తాండావా? అట్ల పరీక్ష సేసేది సాతాను పని."

"ఇది గంటె అత్తా. సాతాను కాదు."

"విశ్వాసమంటే ఏందో నీకు తెల్దు కరుణా. అడిగింది దొరికిందని ముందే నమ్మాల. నమ్మినాక నలుగురిలో నోటితో ఒప్పుకోవాల. నా పని నేను సేసినా. ఇచ్చేది ఆయన పని."

"అయితే జమ్మలమడుగు ఎప్పుడు పోదాం?"

"బాగైన కన్నుకు ఆపరేషనేంది? జనం ఏమనుకుంటారు? ప్రభువుకు మాట రాదా?"

అప్పుడు గాని నాకు సంగతి తలకెక్కలేదు. ఇప్పుడు ఆస్పత్రికి పోతే చర్చి అంతటి ముందూ చెప్పిన సాక్ష్యం అబద్ధమవుతుంది. ఆమె ఆస్పత్రి తలుపు మూసి గడియ పెట్టింది, ఆ గడియను ప్రభువు చేత వేయించింది. ముప్ఫై ఏళ్లు మిషన్ బోధకురాలిగా పల్లెలన్నీ తిరిగి వాక్యం చెప్పిన మనిషి. మాటను ఎక్కడ ఎట్లా వాడాలో ఆమెకు ఇంకొకరు చెప్పక్కరలేదు.

మా ఆయన సత్యానందం ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు పోయే ప్రైవేటు బస్సులో కండక్టరు. తల్లికి చెప్పమని ఆయన వైపు తిరిగాను.

"చర్చిలో సెప్పినాక ఇంకెట్లబ్బా..." అని టిక్కెట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఎట్లంటే? నువ్వు కొడుకువి. కూర్చోబెట్టి చెప్పు."

"సెప్తా. సెప్పనంటినా? ఇప్పుడు బండి టైమైంది."

ఆ కాలమంతా ఆయనకు బండి టైమే అయింది. ఇంట్లో మాట మొదలైతే చాలు, పులివెందుల జనం ఆయన కోసమే రోడ్డు మీద నిలబడి ఉన్నట్టు బయలుదేరేవాడు.

తర్వాత నెల రోజులు మా ఇంట్లో జరిగిన నాటకం తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది. తనకు కనబడుతోందని ఆమె నటించాలి. అది నమ్ముతున్నట్టు మేము నటించాలి. పప్పులో రాళ్లు ఏరతానని చేట ముందు పెట్టుకునేది. రాళ్లు చేటలో ఉంచి పప్పు బయట పారేసేది. నేను నోరు మూసుకుని బయటి పప్పు ఎత్తుకుని, చేటలోవి పారేసి వంట చేసేదాన్ని. ఒకరోజు ఎదురింటి గేదెకు "వందనాలమ్మా, పిల్లలు బాగుండారా?" అంది. గేదె తల ఊపిందేమో, "అంతా ప్రభువు దయ" అని కూడా అని లోపలికి వచ్చింది.

బయటివాళ్ల దగ్గర మాత్రం దొరికేది కాదు. అడుగుల చప్పుడు బట్టి మనిషిని గుర్తుపట్టేది, గొంతు బట్టి మొహం వైపు సరిగ్గా తిరిగేది. "ఏమ్మే, సిక్కిపోయినావే" అనేది. ఎవరితోనైనా ఆ మాట అంటే కాదనరు. కన్ను చూసిపోదామని చుట్టుపక్కల పల్లెల నుంచి విశ్వాసులు వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లందరికీ కాఫీ నేను పెట్టాలి. వాళ్లు పోయాక పొయ్యి దగ్గర ఆమె కాల్చుకున్న చేతికి నేను పసుపు రాయాలి.

నాకూ ప్రార్థన ఉంది. కానీ నాది మా అత్త ప్రార్థన వంటిది కాదు. పొయ్యి ఊదుతూ చేసుకునే ప్రార్థన. "ప్రభువా, ఆమె కన్ను తెరిచేదుంటే తెరువు. లేదంటే ఆమె నోరన్నా మూయించు. రెంటిలో ఏదో ఒకటి తొందరగా చెయ్యి, నాకు బడికి టైమైతాంది." ఆయన రెండూ చెయ్యలేదు. ఆయన మీద కూడా నాకు చాలా విసుగు వచ్చింది.

మా వెనక వీధిలో మాబున్ని ఉండేది. దూదేకుల వాళ్లు. కొడుకు వలి బాషా దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మాబున్నికి కూడా కంటి పొరే. మేము జమ్మలమడుగు పోయిన రోజే తల్లిని తీసుకుని వలి బాషా మాతో వచ్చాడు. డాక్టరమ్మ ఆమెను ఇంకా తొందరపెట్టింది. ఇద్దరూ కలిసి చేరితే ఒకరికొకరు తోడుంటారని నేనే ఆ ఏర్పాటు చేశాను. పండుగ అయి ఇన్ని రోజులైనా వాళ్లు కదలకపోయేసరికి, ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ వాళ్ల గుమ్మం దగ్గర ఆగాను.

వలి బాషా కనుబొమల మీద కూడా దూది నూగు ఉంది. ఏకే విల్లు పక్కన పెట్టి లేచాడు.

"మాయమ్మ రాదంట అక్కా."

"ఎందుకు రాదు?"

"రాహేలమ్మ పెద్దమ్మకు ప్రార్థనతోనే పాయ గదా. కత్తి లేకుండా పోయేదానికి కత్తెందుకు అంటాది. ముందు దర్గాలో సదివింపులు సేసింది. గండికి పోయి ఆంజనేయసామికి మొక్కుకుంది. ఇప్పుడు మీ సామి మంచోడంటాది."

నిజం చెబితే మా అత్త పరువు పోతుంది. చెప్పకపోతే ఈమె కన్ను పోతుంది. చూస్తాలే అని ఏదో గొణిగి ఇంటికి వచ్చాను. నేను వచ్చేసరికి మాబున్ని గోడలు పట్టుకుంటూ ఇంకో దారిన మా ఇంటికే వచ్చి, మా అత్త ముందు కూర్చుని ఉంది. ఆమె కన్ను ఎర్రగా వాచి, నీరు కారుతోంది.

"రాహేలక్కా, నీకు తీసిన సామికి నాకూ సెప్పు. నీ మాటంటే ఇంటాడు."

మా అత్త ఒక్క క్షణం ఆగింది. ఇప్పుడైనా చెబుతుందేమో అని నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆమె చెయ్యి చాచి, వెదికి, మాబున్ని తల మీద పెట్టి ప్రార్థన ఎత్తుకుంది. పెద్ద ప్రార్థన. పల్లెల్లో చెట్ల కింద చేసినట్టు గొంతెత్తి చేసిన ప్రార్థన. మాబున్ని ఆమీన్ అని, కళ్లు తుడుచుకుని, "సగం తగ్గినట్టే ఉంది అక్కా" అని లేచి పోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగాను. తర్వాత ఇంక ఆగలేదు.

"నీ కన్ను నీ ఇష్టం అత్తా. పొర తీయించుకుంటావో, కన్ను పోగొట్టుకుంటావో, గేదెలకు వందనాలు చెప్పుకుంటావో నీ ఇష్టం. ఆ యమ్మ కన్ను ఎవరిది?"

"ప్రార్థన సేసినా గదా."

"ప్రార్థన చేసినావు. అబద్ధం కూడా చెప్పినావు. ఆ యమ్మకు ఏది పనిచేస్తాదో నువ్వే చెప్పు."

ఆ పూట సంగటి ముద్ద ముందు పెడితే ఆమె చెయ్యి పెట్టలేదు. నాకు జాలి వేయలేదు. ఎత్తి గిన్నెలో పెట్టి మూత పెట్టాను.

తెల్లవారాక పొయ్యి వెలిగించడానికి లేచాను. మా అత్త వసారాలో గోడకు ఆనుకుని ప్రార్థన చేస్తోంది. రోజూ వినేదే కదా అని పట్టించుకోలేదు. కానీ ఆ రోజు గొంతు వేరుగా ఉంది. గ్రాంథికం లేదు, ఎత్తుకోవడం దించుకోవడం లేదు. నాతోనో, మా ఆయనతోనో మాట్లాడినట్టు మాట్లాడుతోంది.

"నాకు బయమైతాంది సామీ. శానా బయమైతాంది. బయపడొద్దని ఊరూరా తిరిగి సెప్పినదాన్ని, నాకు బయమని యాడ సెప్పుకోవాల? నీకు తప్ప. అబద్దమాడినా. నీ పేరు పెట్టి ఆడినా. ఆ మాబున్ని కన్ను పోగొట్టొద్దు. నన్నేం సేస్తావో సెయ్యి."

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఎప్పుడూ ప్రార్థనలో అంత ఖాళీ వదిలే మనిషి కాదు ఆమె. నేను అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

"కరుణా," అంది. "మేలుకున్నావు గదా. పా, మాబున్ని ఇంటికి పోదాం."

"ఇంత పొద్దున్నా? పొయ్యి మీద ఎసరు పెట్టాల."

"ఎసరు తర్వాత. పొద్దెక్కితే నేను రాను. నా సంగతి నాకు తెల్సు."

చెయ్యి పట్టుకుని నడిపించాను. పండుగ తర్వాత వీధిలో నా చెయ్యి పట్టుకోవడానికి ఒప్పుకోవడం అదే మొదటిసారి.

"నీకు దేనికత్తా అంత భయం? కత్తికా?" నడుస్తూ అడిగాను. కొంచెం విసుగ్గానే అడిగాను.

"కత్తి కాదే. కాన్పులు నాలుగైనాయి, నొప్పి తెల్దా నాకు? కంటికి మాత్తరం మందేస్తారంట. నిద్దర పొయ్యేది ఉండదంట. మేలుకొని, కదలకుండా, కత్తి నా కంట్లోకి వస్తాంటే పడుకోనుండాల. ఉన్నది ఒక్క కన్నే. సెయ్యి జారితే మళ్లా ఏముంది?" రెండడుగులు వేసి మళ్లీ అంది. "ఆ డాక్టరమ్మ సెప్పినప్పుడే అరసాలనిపించింది. నేను అరిస్తే, ఇన్నేండ్లు నేను సెప్పింది ఇన్నోళ్లంతా ఏమనుకుంటారు?"

ఆ మాట నెల రోజుల ముందు చెప్పి ఉంటే నా పెట్ట నాకు ఉండేదని అనుకున్నాను.

మాబున్ని అప్పుడే లేచి వాకిట్లో కూర్చుని ఉంది. కన్ను నిన్నటికంటే ఎక్కువ వాచింది. వలి బాషా కుండలోంచి నీళ్లు ముంచి ఆమెకు ఇస్తున్నాడు. మా అత్త ఆమె ముందు కూర్చుంది. కూర్చోవడానికి నేల కోసం చేత్తో తడిమింది. దాచుకోలేదు.

"మాబూ, నాకు కనపడదు."

"ఏంది?"

"నీ మొగం నాకు కనపడదు. పండగ నాడూ కనపడలా, నిన్నా కనపడలా. ఆపరేషనంటే బయమై అట్ల సెప్పినా."

మాబున్ని చేతిలోని నీళ్లు పక్కన పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది. "నీ ఇల్లు బంగారం గాను! నీ మాట నమ్మి దర్గాకు పొయ్యేది గూడ మానుకుంటి గదే! నాలుగు దినాల నుంచి కంటిలో నిప్పులు పోసినట్టుంటే, సామి తీస్తాండాడేమో అందుకే మంటేమో అనుకుని ఓర్సుకుంటాండా గదే!"

"తిట్టు," అంది మా అత్త.

మాబున్ని తిట్టింది. నేను నెల రోజులుగా అనాలనుకున్న మాటలన్నీ ఆమె అనేసింది. నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. మా అత్త తల వంచుకుని వింటూ ఉంటే, చాలు ఇంక ఆపమ్మా అనాలనిపించింది.

తిట్టి తిట్టి అలిసిపోయి మాబున్ని కొంగుతో కన్ను ఒత్తుకుంది. "అక్కా, నువ్వు అంత దేవునిదానివి. నీకే బయమైతే నాకెట్ల?"

దానికి వాక్యం ఏదో ఒకటి ఎత్తుకుంటుందని నేను చూశాను. అటువంటి సందర్భాలకు ఆమె దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటీ ఎత్తుకోలేదు.

"నా బయం పోల్యా మాబూ. పొద్దున అడిగినా తియ్యమని. తియ్యల్యా. నేను వస్తా గదా పా, అన్నట్టుండాడు. బయంతోనే పోదామనుకుంటాండా." ఆమె మాబున్ని మోకాలు వెదికి పట్టుకుంది. "ఒక పని సేద్దాం. నేను ముందు పోతా. నువ్వు బయట కూసో. నా అరుపు ఇనపడితే లేసి ఇంటికి పో. నిన్ను ఎవురూ ఏమనరు. ఇనపడకుంటే రా."

"అరిస్తే నిజంగా లేసి పోతా సూడు."

"పో."

ఆ మాట విని నాకు మళ్లీ కోపం వచ్చింది. ముల్లు గుచ్చుకుంటే వీధి వీధంతా లేచేట్టు అరిచే మనిషి, ఇంకొకరి కన్నును తన అరుపుకు ముడివేసి వచ్చింది. దారిలో ఆ మాటే అన్నాను. "తెల్సు," అంది. "అందుకే సెప్పినా."

ఆ ఆదివారం చర్చిలో ఆమె మళ్లీ లేచి నిలబడింది. అందరూ చిరునవ్వుతో సర్దుకుని కూర్చున్నారు. ఆమె సాక్ష్యాలకు పేరుంది, తొందరగా ముగిసేవి కావు. "పండగ నాడు నేను సెప్పింది నిజం కాదు. నాకు కనపడదు. బయపడి సెప్పినా. రేపు జమ్మలమడుగు పోతాండా, ప్రార్థన సేయండి," అని, నేను రెక్క పట్టుకుంటే నా పక్కనే సరిగ్గా కూర్చుంది. స్తోత్రం అని ఒక్కరూ అనలేదు. పాస్టరయ్యగారు కంగారుపడి పాట నంబరు చెప్పి, అప్పుడే పాడిన పాట అది అని గుర్తొచ్చి, ఇంకో నంబరు చెప్పాడు. బయటికి వస్తుంటే ఒకామె, "ఇన్నేండ్ల బోధకురాలై ఉండి..." అని మాకు వినబడేట్టు అంది. సంఘపెద్ద భార్య మాత్రం దగ్గరికి వచ్చి మా అత్త చెయ్యి నొక్కింది. పెట్టను తిరిగి ఇస్తానని అనలేదు.

మరుసటి రోజు అందరం జమ్మలమడుగు బస్సెక్కాం. మా ఆయన బస్టాండు దాకా వచ్చి, తల్లి కాళ్ల దగ్గర మూట సర్ది, డ్రైవరుతో మెల్లగా పొమ్మని చెప్పి, "నాకు బండి టైమైంది" అన్నాడు. మా అత్త ఆయన తల నిమిరి, "పో నాయినా" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆస్పత్రిలో మా అత్త నన్ను ఇంకో రకంగా వేపుకు తింది. ఆపరేషన్ అయ్యాక రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకు ఇరువైపులా ఇసుక సంచులు పెట్టి వెల్లకిలా పడుకోబెడతారు. డాక్టరమ్మ చెప్పేదాకా కదలకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు. తుమ్ము వస్తే ఏం చేయాలి అని అడిగింది. వస్తుందేమో అని భయమేస్తే ఏం చేయాలి అని అడిగింది. నిద్రలో తుమ్మితే ఎవరిది తప్పు అని కూడా అడిగింది. నర్సులు నన్ను పక్కకు పిలిచి, మీ అత్త ఎప్పుడూ ఇట్లాగేనా అన్నారు. వలి బాషా తల్లికీ, మా అత్తకూ తానే కుట్టిన కొత్త దిండ్లు రెండు మోసుకొచ్చాడు. ఇక్కడ దిండు వాడనివ్వరని చెబితే, వాటిని వరండాలో పెట్టి తానే వాటి మీద కూర్చున్నాడు.

ఆ కన్నుతో మా అత్త తర్వాత చాలా చూసింది. లావుపాటి అద్దాలు పెట్టుకుని నా కొడుకు పెళ్లి చూసింది. చూసి, పెళ్లికూతురు కొంచెం పొట్టి అని అందరికీ వినబడేట్టు అంది. కానీ ఆ ఉదయం మాకు ఇవేవీ తెలియవు. ఆపరేషన్ గది ముందు వరండాలో ఒక బల్ల ఉంది. దాని మీద నేనూ, మాబున్నీ కూర్చున్నాం. మా అత్తకు తెల్ల గౌను తొడిగి, తలకు గుడ్డ కట్టారు. నర్సు చెయ్యి పట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక్కి వస్తుందనే అనుకున్నాను. నేను లేచి నిలబడ్డాను కూడా.

"మాబూ," అంది, ఎటు చూడాలో తెలియక గోడ వైపు తిరిగి. "ఉండావా?"

"ఉండా. చెవులు ఈడనే పెట్టుకుని ఉండా."

మా అత్త లోపలికి పోయింది. తలుపు మూశారు.

మొదట డాక్టరమ్మ గొంతు ప్రార్థన చేస్తున్నట్టు వినబడింది. అక్కడ ప్రతి ఆపరేషన్‌కూ ముందు చేస్తారు. తర్వాత ఏమీ వినబడలేదు. మాబున్ని తల పక్కకు వంచి, చెవి తలుపు వైపు పెట్టి, నా మణికట్టు పట్టుకుంది. గదిలో ఏదో పళ్లెంలో ఇనుము పెట్టిన చప్పుడైతే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. మూలుగు లాంటిది ఒకటి వచ్చి మధ్యలోనే ఆగిపోయింది. మాబున్ని సగం లేచింది. నేను ఆమెను ఆపలేదు. మాట మాటే కదా. ఆమె అట్లాగే వంగి నిలబడి విన్నది.

"అది అరుపా కరుణమ్మా?"

"నాకు తెలీదమ్మా. నువ్వే చెప్పు."

ఆమె ఆలోచించింది. "అరుపు కాదు," అని కూర్చుంది.

నాకు ఆ రోజు ప్రార్థన రాలేదు. "ప్రభువా, ఆమె పక్కన ఉండు. నేను బయట ఉండిపోయినా," అని మాత్రం అనుకున్నాను. విసుగు లేకుండా ఆయనతో మాట్లాడి అప్పటికి ఎంత కాలమైందో.

తలుపు తెరుచుకుంది. నర్సు వచ్చి, "అయిపోయిందమ్మా, రెండో ఆమె రావచ్చు," అంది. నేను మాబున్ని వైపు చూశాను. ఆమె చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపుకుని, కొడుకు వైపు చెయ్యి ఊపి, ఎవరినీ పట్టుకోకుండా తలుపు దాకా నడిచింది. అక్కడ నర్సు ఆమె చెయ్యి అందుకుంది.

తర్వాత మా అత్తను మంచం మీద మోసుకొచ్చారు. రెండు కళ్లకూ తెల్ల కట్టు. మొహంలో నెత్తురు లేదు. కింది పెదవి మాత్రం చీలి, వాచి, రక్తం గడ్డం మీదికి కారింది. పంటి గాట్లు కనబడుతున్నాయి. "కంట్లో నొప్పి తెలియకుండా మందేశాం, ఎందుకిట్లా కొరుక్కుందో," అంది నర్సు.

"కరుణా." పెదవి కదలకుండా అంది. "మాబున్ని యాడ?"

"లోపలికి పోయిందత్తా."

"తానే పోయినాదా? ఎవురన్నా లాక్కపోయినారా?"

"తానే పోయింది. చెప్పులు విడిసి పోయింది."

ఆమె గడ్డం వణకడం మొదలుపెట్టింది. నేను గభాలున రెండు చేతులతో ఆమె దవడలు పట్టుకున్నాను. "ఏడవద్దు! ఏడిస్తే కన్ను పోతాది! ఇంత చేసి ఇప్పుడు ఏడుస్తావా? నోరు మూసుకుని పడుకో అత్తా!" అని ఎప్పటికంటే గట్టిగా అరిచాను. ఆమె ఒక్కసారి ఊపిరి బిగబట్టి, వదిలి, కదలకుండా పడుకుంది. నా మాట ఆమె వినడం నా కాపురంలో అదే మొదలు.

ఆమె ఏడవకూడదు. నాకు ఆ నియమం లేదు. మంచం కోడు పట్టుకుని వరండాలోనే కూర్చుండిపోయి, నెత్తి కొట్టుకుంటూ ఏడ్చాను. ఆ ఏడుపు విని ఎవరో చచ్చిపోయారనుకుని వలి బాషా దిండ్లు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమాయ అక్కా? మాయమ్మకేమాయ?"

మీయమ్మ బాగుందప్పా, అందరూ బాగుండారు అని చెప్పడానికి నోరు తెరుస్తున్నాను, మాట రావడం లేదు. కట్ల కింద నుంచి మా అత్తే, చీలిన పెదవితో, కదలకుండా, అతనికి జవాబు చెప్పింది. "ఏం కాల్యా నాయినా. బయపడొద్దు."